అనకాపల్లిలో నిండుకున్న తొట్టి

విశాఖపట్టణమునకు నైరృతి దిశయందు, శారదానది ఒడ్డున అనకాపల్లి యున్నది. హౌరా నుండి చెన్నపట్టణమునకు పోవు రైలుదారియు, 16వ నెంబరు జాతీయ రహదారియు దీని మీదుగనే పోవును. 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీ నుండి ఇది ఒక జిల్లాకు ముఖ్యపట్టణము. జిల్లా ఏర్పడుటకు ఎంతో ముందే ఆంధ్రదేశపు వంటయిండ్లలో ఈ యూరి పేరు నిలిచియున్నది. అరిసెల పాకమునకును, ఉగాది పచ్చడికిని అనకాపల్లి బెల్లమే కావలెనని పట్టుబట్టు పెద్దలు లేని యిల్లు అరుదు. 1913లో ఇచ్చట నెలకొల్పబడిన వ్యవసాయ పరిశోధన కేంద్రము చెఱకుపంటకు చేసిన సేవ ప్రసిద్ధమైనది. గవరపాలెమున వెలసిన నూకాంబికాదేవికి కొత్త అమావాస్యనాడు జరుగు జాతరకు చుట్టుప్రక్కల పల్లెలన్నియు తరలివచ్చును.

గత వేసవి సెలవులలో మేమీ పట్టణమున ఒక్క రాత్రి మాత్రము నిలిచి, మఱునాడు భీమునిపట్టణపు దారి పట్టవలెనని తలంచితిమి. కాని రెండు దినములు నిలువవలసి వచ్చినది. అందుకు కారణము మా బండిలోని నీటితొట్టికి అమర్చిన ఒక చిన్న కొలతపరికరము. యాత్రలను గూర్చి వ్రాయువారు కొండలను, కోవెలలను వర్ణించుట కలదు గాని నీటితొట్టిని వర్ణించుట లేదు. అయినను నీటిని కాచి, కొలిచి, పంచి పెట్టు పని ఏ యింటనైనను స్త్రీలదే కనుక, ఈ విషయము సోదరీమణులకు అక్కఱకు వచ్చునని వ్రాయుచున్నాను.

ముందుగా ఆ బండి సంగతి. సినిమావారి మూలమున కారవాన్ అను మాట ఇప్పుడందఱకు తెలిసినదే. మా పెదనాన్నగారి కుమారుడు, నాకు అన్నగారు, ఒక పాత చిన్నబస్సును కొని దానినట్టి ఇంటిబండిగా మార్పించినాడు. అందు వెనుకవైపు ఇద్దఱు ముగ్గురు పరుండుటకు తగిన పడకలు, ప్రక్కన రెండు పొయ్యిల వంటగట్టు, చేయి కడుగుకొను చిన్న పళ్లెము, మూలన స్నానపుగది కలవు. బల్లక్రింద 100 లీటర్ల ప్లాస్టిక్ నీటితొట్టి యున్నది. 12 వోల్టుల బ్యాటరీతో నడచు చిన్న పంపు ఆ నీటిని కుళాయిలకు అందించును. తొట్టి బల్లక్రింద దాగియుండుటచేత కంటికి కనబడదు. ఎన్ని నీళ్లున్నవో తెలిసికొనుటకు వంటగట్టుపైన ఒక ముల్లుగల గేజి బిగించిరి. ముల్లు ఎడమవైపు వ్రాలిన ఖాళీ, కుడివైపు వ్రాలిన నిండు.

మేము బయలుదేఱినది రాజమహేంద్రవరము నుండి. అన్న, వదిన, వారి కుమారుడు, మావారు, నేను, మా అమ్మాయి, మా అత్తగారు, వెరసి ఏడుగురము. అన్నవరమున సత్యనారాయణస్వామిని సేవించి, తుని దాటి, సాయంకాలమునకు అనకాపల్లి పొలిమేర చేరితిమి. దారిలో పిల్లలు ముఖములు కడుగుకొనిరి, వదిన అన్నము వండినది, గిన్నెలు తోమితిమి. ప్రతిసారియు ముల్లును చూచుచునే యుంటిమి. అది కుడివైపు కొసనుండి కదలలేదు. ఆ ధైర్యముతోనే ఊరికి వెలుపల, చెఱకుతోటల ప్రక్కనున్న ఒక మామిడితోపు నీడలో, తోటవారి అనుమతి పొంది బండి నిలిపితిమి.

రాత్రి పదకొండు గంటలకు అత్తగారికి వాంతులు మొదలైనవి. పగటి వడగాలి ఆమెకు తగిలినది. నోరు కడుగుటకు కుళాయి త్రిప్పినచో పంపు గుఱగుఱలాడినది గాని చుక్క నీరు రాలేదు. ముల్లు మాత్రము నిండు తొట్టి అనియే చూపుచున్నది. త్రాగుటకు వేఱుగ తెచ్చుకొన్న సీసాలలో మిగిలినది అరసీసా. ఎండదెబ్బ తగిలిన వృద్ధురాలికి ఆ సమయమున నీరే ప్రాణము. మావారు, అన్నయ్య టార్చిలైటు పట్టుకొని తోటకాపరి యింటికి పోయి తలుపు తట్టిరి. ఆ యింటి ఇల్లాలు లేచి, ఒక్క మాట అడుగక, రెండు బిందెల నీరును, ఒక బెల్లపుముక్కయు ఇచ్చి పంపినది. లీటరు కాచి చల్లార్చిన నీటికి ఆఱు చిన్నచెంచాల పంచదార, అర చిన్నచెంచా ఉప్పు కలిపి, కొంచెము కొంచెముగ పట్టించితిమి. తెల్లవాఱునప్పటికి ఆమె తేఱుకొన్నది. ఉదయమున పట్టణములోని వైద్యుడు చూచి, రెండు దినములు ప్రయాణము వలదని చెప్పెను.

మంచముపై ఆనుకొని కూర్చుండి అత్తగారు ఆ ముల్లునే చూచుచు, "బియ్యం అయిపోతే లేవు అనకూడదని నిండుకున్నాయి అంటాం కదమ్మా. మీ గేజీకి ఆ మర్యాద ఎవరు నేర్పారో!" అని నవ్వినది. మేమును నవ్వితిమి. కాని ఆమె మాటలో ఎంతో సత్యమున్నది. వంటయింట నిండుకున్నది అను మాట వినిన ప్రతివారికి దాని యర్థము తెలియును. యంత్రము చెప్పినదానికి అట్టి రెండవ యర్థము లేదు. అది నిండు అనగా నిండనియే నమ్ముదుము. కొలతసాధనమే లేనిచో మూత తీసి చూచెదము. తప్పు చూపు సాధన మున్నచో చూడక మోసపోవుదుము.

నీటిని కొలుచుట మనవారికి క్రొత్త కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున, కోష్ఠాగారమునందు మూరెడు వెడల్పు నోరు గల కుండమును వాన కొలుచుటకు నిలుపవలెనని చెప్పబడినది. ఏ దేశమున ఎన్ని ద్రోణముల వాన కురియునో కూడ అందున్నది. అశ్మకదేశమునకు 13½ ద్రోణములు. నేటి తెలంగాణములోని బోధను ఆ అశ్మకమునకు సంబంధించినదని చరిత్రకారు లందురు. అడుగున సన్నని రంధ్రము గల రాగిగిన్నెను నీటిపై విడిచి, అది నిండి మునుగు కాలమును గడియ అని మన పూర్వులు లెక్కించిరి. గడియకు 24 నిమిషములు, దినమునకు 60 గడియలు. ఇంటిలో ఇల్లాలు కుండను వ్రేలితో తట్టి ధ్వనినిబట్టియు, బిందెను వంచి బరువునుబట్టియు నీటిని ఎఱుగును. ఈ కొలతలన్నిటను నీరు కంటికో, చెవికో, చేతికో అందుచున్నది. మూసిన తొట్టిలోని నీరు వీనిలో దేనికిని అందదు. అందుచేత దాని సంగతి చెప్పుటకు సెన్సారు అను పరికరము కావలసి వచ్చినది.

అట్టి సెన్సారులు పలువిధములు. మేడలపై తొట్లలో సామాన్యముగ కనబడునది కడ్డీల రకము. వేర్వేఱు పొడవులుగల తుప్పుపట్టని ఉక్కుకడ్డీలు తొట్టిలోనికి వ్రేలాడును. నీరు ఏ కడ్డీని తాకునో దానికి సంబంధించిన దీపము వెలుగును. నీటిగుండ కొద్దిపాటి విద్యుత్తు ప్రసరించుటయే అందలి కిటుకు. ఒకే దిక్కుగ పోవు విద్యుత్తును రాత్రింబవళ్లు విడిచినచో ధనధ్రువమగు కడ్డీ క్రమముగ తినివేయబడును. కనుక మంచి అమరికలలో మీట నొక్కినప్పుడు మాత్రమే విద్యుత్తు పోవునట్లు చేయుదురు. రెండవది తేలుబెండు రకము. నిలువు గొట్టము చుట్టును అయస్కాంతము గల బెండు నీటితోపాటు పైకి క్రిందికి కదలును. గొట్టములోపల వరుసగ అమర్చిన సన్నని స్విచ్చులు ఆ అయస్కాంతపు ఆకర్షణకు ఒకటొకటిగ కలిసికొనును. దానినిబట్టి విద్యుత్తునకు కలుగు నిరోధము మాఱును. నిరోధమునకు ఓము అను కొలత కలదు. మా బండిలోనిది ఈ రకమే.

ఈ తేలుబెండు సెన్సారులలోను రెండు సంప్రదాయములు కలవు. ఐరోపావారి వానిలో సామాన్యముగ ఖాళీ తొట్టికి 10 ఓములు, నిండు తొట్టికి 180 ఓములు. అమెరికావారి వానిలో ఖాళీకి 240, నిండుకు 33. అనగా ఒకదానిలో నిరోధము పెరిగినకొలది నిండు, రెండవదానిలో నిరోధము పెరిగినకొలది ఖాళీ. ఇది గ్రహించిన మా ముల్లు చూపిన తప్పు వెంటనే తెలియును. మాది మొదటి సంప్రదాయమునకు చెందినది. తీగె తెగినను, అతుకు చిలుము పట్టినను నిరోధము మితిమీరి పెరుగును. అప్పుడు తొట్టిలో చుక్క లేకున్నను ముల్లు నిండు చూపును.

ఈ సంగతులు మాకు బోధించినది అనకాపల్లి బజారులో మోటారు వైండింగు చేయు ఒక చిన్న దుకాణమువారు. వేసవిలో ఆ దుకాణములకు తీఱిక యుండదు. పొలములనుండి కాలిపోయిన బోరుమోటార్లు వచ్చుచుండును. వాని పాత రాగితీగెను విప్పి, క్రొత్తతీగెను చుట్టి, వార్నిష్ పట్టించి యిచ్చుచుందురు. దుకాణపు పెద్ద అరువదియేండ్లవాడు. ఆయన కుమార్తె ఐ.టి.ఐ.లో విద్యుత్పని నేర్చినది, తండ్రిప్రక్కన కూర్చుండి పనిచేయుచుండెను. మా కథ విని ఆయన పెట్టె తీసికొని బండియొద్దకు వచ్చెను. ఆ అమ్మాయియు వెంట వచ్చినది.

ఆమె మొదట బ్యాటరీనుండి వచ్చు ఫ్యూజును ఊడదీసినది. తరువాత బల్లపై పలక తొలగించి, తొట్టిపైన సెన్సారు తల ఉన్నచోట చేయి పెట్టి చూచినది. అచ్చట రెండు తీగెలను మెలిపెట్టి, నల్లని టేపు చుట్టియున్నారు. టేపు విప్పగనే లోపలినుండి నీటిబొట్టు రాలినది. రాగితీగె పచ్చని చిలుముపట్టి, తాకిన పొడియైపోయినది. "టేపు సుట్టి ఒగ్గేసినారమ్మా. ఇది నీల్లని ఆపదు, లోపల పట్టుకుని ఉంటాది" అని పెద్దాయన చెప్పెను. తొట్టి నింపు గొట్టము ఆ తలకు జానెడు దూరముననే యున్నది. నింపిన ప్రతిసారియు నాలుగు తుంపరలు అచ్చట పడును. అంతేకాక, వేడిగ నున్న బండిలో చల్లని నీటితో తొట్టి నింపినప్పుడు, చల్లని చెంబునకువలె దాని మేనికి చెమట పట్టును. ఈ రెండింటి తేమయు టేపు మడతలలో చేరి ఆఱక నిలిచినది.

అయినను సెన్సారు చెడినదో, తీగె చెడినదో తేల్చనిదే పని మొదలుపెట్టరాదని ఆ అమ్మాయి చెప్పినది. ఐదు మరలు విప్పి సెన్సారును బయటికి తీసి, దాని రెండు కొసలకు మల్టీమీటరు తగిలించి, తేలుబెండును వ్రేలితో క్రిందినుండి పైకి జరిపినది. అంకెలు 10 దగ్గఱ మొదలై మెట్టుమెట్టుగ 180 వఱకు ఎక్కినవి. బెండు మునిగిపోవుట లేదు, చిట్లలేదు. కావున పరికరము మంచిదే. వేలకొలది రూపాయలు పోసి క్రొత్తది కొనవలసిన పని లేకపోయినది. చెడినది అతుకు మాత్రమే. చాలమంది ఈ పరీక్ష చేయకయే మంచి పరికరమును పాఱవేసి క్రొత్తది తెచ్చి, మరల అదే టేపుతో అతికింతురట. క్రొత్తదియు కొన్ని మాసములకే అట్లే చెడునట.

సెన్సారు గొట్టముపై తెల్లని సున్నపుపొర కట్టియున్నది. బోరునీటితో కాచిన గిన్నెలలో కనబడు పొరయే అది. పెరిగినచో బెండు జారక నిలిచిపోవును. దానిని తీయు పని వదినయు నేనును పైకొంటిమి. వేడినీటిలో నిమ్మఉప్పు కరగించి గంటసేపు నానబెట్టగ పొర మెత్తబడి గుడ్డతో తుడువగనే పోయినది. నిమ్మరసమైనను ఇట్లే పనిచేయును. ఇసుకతోగాని, ఇనుపపీచుతోగాని రుద్దరాదు. గీతలు పడినచోట మరల సున్నము త్వరగ పట్టును. పిదప మూడుసార్లు మంచినీటితో కడిగితిమి.

ఇక అతుకు. చిలుము పట్టిన తీగెను కొస కత్తిరించిన చాలదు. పీచులవంటి సన్నని రాగిపోగులు గల తీగెలో తేమ పైతొడుగు క్రిందుగ లోపలికి ప్రాకును. ఆ అమ్మాయి అంగుళమంగుళముగ కత్తిరించి చూచుచు, నల్లబడిన రాగి పోయి ఎఱ్ఱని రాగి కనబడునంతవఱకు, సుమారు జానెడు తీసివేసినది. ఆ మేర క్రొత్త తీగె కలిపినది. ఒక్కొక్క తీగెకు ముందుగనే సన్నని గొట్టము తొడిగి, కొసలు మెలిపెట్టి, సోల్డరుతో అతికినది. ఆ గొట్టము వేడికి ముడుచుకొను జాతిది. లోపల జిగురు పూసియుండును. వేడిగాలి తగులగనే అది ముడుచుకొని తీగెను గట్టిగ పట్టుకొన్నది, రెండు కొసలయందును జిగురు కొంచెము బయటికి ఉబికినది. అట్లు ఉబికిననే నీరు చొరదని గుఱుతట. రెండు అతుకులును ఒకచోట రాకుండ, ఒకటి ముందు ఒకటి వెనుక ఉండునట్లు చేసినది.

అంతటితో ఆగక, ఆ అతుకులను మూతగల చిన్న ప్లాస్టిక్ డబ్బీలో నుంచి, రెండు పాళ్లు కలుపు ఎపాక్సీ జిగురు పోసి డబ్బీ నింపినది. జిగురు పోయుటకు ముందు తీగెలను, డబ్బీని స్పిరిట్‌తో తుడిచి పూర్తిగ ఆఱనిచ్చినది. తడిమీదను, జిడ్డుమీదను పోసిన జిగురు పట్టదు, పట్టినట్లు కనబడి తరువాత ఊడును. డబ్బీలోనికి తీగెలు క్రిందివైపునుండియే పోవలెను. ఆ తీగెలు డబ్బీ చేరుటకు ముందు ఊయెలవలె కొంచెము క్రిందికి వ్రేలాడవలెను. అప్పుడు తీగెవెంట జారివచ్చు నీటిబొట్టు ఆ వంపుకడ రాలిపోవును గాని డబ్బీలోనికి ఎక్కదు. చూరునీరు గోడకు తగులకుండ వెలుపలనే రాలునట్లు మనవారు చూరును ముందుకు దింపుటలోని యుక్తియే ఇది.

సెన్సారు తలక్రింది రబ్బరుబిళ్ల గట్టిపడి చిట్లియుండుటచేత, ఆహారపదార్థములకు వాడదగిన మెత్తని సిలికాను బిళ్ల క్రొత్తది వేయించితిమి. ఆ ఐదు రంధ్రములు సమదూరమున లేవు. కనుక తల ఒకే విధముగ కూర్చొనును. త్రిప్పి పెట్టి తప్పు చేయుటకు వీలు లేదు. మరలను వరుసగ కాక, ఎదురెదురుగ కొంచెము కొంచెముగ బిగించినది. ఒకే ప్రక్క బిగించినచో బిళ్ల వంకరపడి ఎదుటివైపు సందు మిగులును. ప్లాస్టిక్ తొట్టి కావున బలమంతయు ఉపయోగించినను పగులును. అంచున పూయు సిలికాను జిగురు విషయమున పెద్దాయన చెప్పిన మాట గుర్తుంచుకొనదగినది. పుల్లని వాసన వేయు జిగురు ఆఱునప్పుడు వినిగరులోని ఆమ్లమే వెలువడును, అది రాగిని తినును. విద్యుత్తీగెల దగ్గఱ ఆ వాసన లేని రకమునే వాడవలెను. త్రాగునీటిని తాకుచోట సోల్డరుగాని, సాధారణపు జిగురులుగాని ఉండరాదు. అవి తొట్టి వెలుపలనే.

జిగురు గట్టిపడుటకు ఒక పగలును ఒక రాత్రియు కావలెననిరి. అత్తగారికిని విశ్రాంతి కావలసియుండుటచే, ఆమెను వదినకు అప్పగించి, మేము పిల్లలతో ఊరు చూడబోతిమి.

పట్టణమునకు సుమారు మూడు కిలోమీటర్ల దూరమున శంకరము అను గ్రామము కలదు. సంఘారామము అను బౌద్ధుల మాటయే అట్లు మాఱినదందురు. అచ్చట రెండు కొండలు. తూర్పుది బొజ్జన్నకొండ, పడమటిది లింగాలకొండ. 1907-08లో అలెగ్జాండర్ రీ అను పురావస్తుశాఖవారు ఇచ్చట త్రవ్వకములు జరిపించిరి. బొజ్జన్నకొండపై రాతిని తొలిచి చేసిన గుహలు కలవు. అందు ముఖ్యమైనదానిలో పదునాఱు స్తంభములు, నడుమ ఏకశిలాస్తూపము ఉన్నవి. లింగాలకొండపై వరుసలుగ చెక్కిన చిన్నచిన్న స్తూపములు దూరమునుండి శివలింగములవలె కనబడును. ఆ పేరట్లు వచ్చినదే. క్రీస్తుశకము నాలుగవ శతాబ్దినుండి తొమ్మిదవ శతాబ్దివఱకు ఇచ్చట బౌద్ధము వర్ధిల్లినదని పండితుల యభిప్రాయము. ఎండలో ఆ మెట్లెక్కి పైకి చేరిన మా అమ్మాయి మొదట అడిగిన ప్రశ్న, "అమ్మా, ఇంతమంది సన్న్యాసులకు నీళ్లెక్కడివి?" అని. గతరాత్రి అనుభవము బిడ్డ మనస్సున నిలిచినది. దానికి సమాధానము భీమిలిదారిలోని తొట్లకొండపై చూపెదనని చెప్పితిని.

తిరుగుదారిలో బెల్లపు బజారు చూచితిమి. గోదాములలో తెలుపు, ఎఱుపు, నలుపు రంగుల దిమ్మలు వరుసలు తీర్చియున్నవి. రంగునుబట్టి, గట్టిదనమునుబట్టి ధర. బెల్లపువారికి శత్రువు తేమయే. వానకాలమున మంచి బెల్లముకూడ గాలిలోని చెమ్మను పీల్చి నీరుకారును. అందుకే శీతల గిడ్డంగులలో భద్రపఱచుదురు. ఒక్క పట్టణముననే ఇందఱు తేమతో పోరాడువారిని చూచుటచేత, మా అతుకునకు తగిన వైద్యులు దొరకినది ఇచ్చటనే యని తోచినది.

మఱునాడు ప్రొద్దున ఆ అమ్మాయి వచ్చి పరీక్ష చేసినది. సెన్సారు తలపై చెంబెడు నీరు పోసి, తడిగుడ్డ కప్పి, గంటసేపైన పిదప మల్టీమీటరు పెట్టి చూచినది. అంకె మాఱలేదు. అప్పుడు ఫ్యూజు పెట్టి, "ఇక కొలత మీరే పోసుకోవాలమ్మా" అని 10 లీటర్ల బకెట్టు మా చేతికిచ్చినది. ఇది అన్నిటికంటె ముఖ్యమైన పని. బండిని చదునైనచోట నిలిపి, ఖాళీ తొట్టిలో ఒక్కొక్క బకెట్టు పోయుచు, ముల్లు ఎచ్చట నిలిచినదో గేజి అద్దముప్రక్కన కాగితముపై గుఱుతు పెట్టితిమి. ముల్లు సగమునకు వచ్చునప్పటికి మేము పోసినది 50 లీటర్లు కాదు, 40 మాత్రమే. బండిచక్రమునకు చోటిచ్చుటకై తొట్టి అడుగుభాగమును ఇఱుకుగ చేసిరి. ముల్లు చూపునది నీటి ఎత్తును గాని నీటి పరిమాణమును గాదు. మఱియు పంపుగొట్టపు మూతి అడుగునుండి కొంచెము పైన ఉండుటచేత, చివరి 6 లీటర్లు కుళాయికి రావు. కనుక ముల్లు సగములో నున్నప్పుడు మనకు దక్కునది 34 లీటర్లు. బండి వాలున నిలిచినచో ముల్లు మరల వేఱుగ చూపును. దానిని చదునున నిలిపియే చూడవలెను. ఈ లెక్కను వదిన ఎఱ్ఱసిరాతో వ్రాసి అంటించినది. ఏడుగురమున్న బండిలో స్నానములకు ఎంత, వంటకు ఎంత అని నాటినుండి లెక్క తప్పలేదు.

పెద్దాయన తీసికొన్న కూలి స్వల్పము. ఆ అమ్మాయికి అత్తగారు పసుపు కుంకుమలిచ్చి దీవించినది. రాత్రి నీరిచ్చిన ఇల్లాలికి ఆమె బిందెలు నింపి తిరిగి యిచ్చి, పండ్లును, రవికగుడ్డయు పెట్టి సెలవు తీసికొంటిమి.

తరువాత విశాఖపట్టణము దాటి, సముద్రతీరపు దారిలో తొట్లకొండ చేరితిమి. 1976లో నావికాదళమువారు విమానమునుండి ఈ ప్రాంతమును పరిశీలించుచుండగ ఈ బౌద్ధస్థలము బయల్పడినది. 1988 నుండి 1993 వఱకు రాష్ట్ర పురావస్తుశాఖవారు త్రవ్వించిరి. విహారములు, చైత్యములు, భోజనశాల అన్నియు పునాదులతో కనబడుచున్నవి. వానకంటె అధికముగ మా అమ్మాయిని ఆకర్షించినవి కొండరాతిలో తొలిచిన తొట్లు. వాననీటిని పట్టి నిలుపుకొనుటకై చేసినవి. వానిబట్టియే కొండకు ఆ పేరు వచ్చినది. అంచున నిలిచి చూచిన చాలును, ఎన్ని నీళ్లున్నవో తెలియును. రాయి నీటికి చెడదు, అతుకు లేదు, తీగె లేదు. ఆ భిక్షువులకు సెన్సారు అక్కఱలేకపోయినది.

సోదరీమణులారా! ఇంటిబండి మనలో అందఱకు ఉండదు. కాని మేడపైన తొట్టియు, దానికొక గేజియో దీపములో ఇప్పుడు పట్టణములలో చాల యిండ్లలో ఉన్నవి. ఆ తీగెల అతుకులు ఎండకు, వానకు బయటనే యుండును. తొట్టి నిండినదని దీపము వెలిగి మోటారు వేయకపోవుటయు, నిండలేదని వేసి నీరును కరెంటును వీథిపాలు చేయుటయు ఆ అతుకు చెడుటచేతనే తఱచుగ జరుగును. పని చేయువాడు వచ్చినప్పుడు నాలుగు మాటలు అడుగుడు. సెన్సారును విడిగ పరీక్షించితివా? నల్లబడిన తీగెను ఎఱ్ఱరాగి కనబడువఱకు కత్తిరించితివా? టేపునకు మాఱు జిగురుగల గొట్టము వేసితివా? డబ్బీలోనికి తీగె క్రిందినుండి పోవుచున్నదా? ఈ పనులకగు ఖర్చు క్రొత్త పరికరపు వెలలో చాల స్వల్పభాగము.

ప్రయాణమునకు పోవువారు గేజి ఎంత మంచిదైనను, త్రాగునీటిని వేఱొక పాత్రలో, కంటికి కనబడునట్లు, ముట్టక దాచియుంచుకొనవలెను. వృద్ధులును, పిల్లలును ఉన్నచో ఇది తప్పనిసరి. ఇంట నున్నవారు మాసమునకొకసారి మేడ యెక్కి, తొట్టి మూత తీసి, దీపము చెప్పినదానిని కంటితో సరిచూచుకొనవలెను. ఆ పనికి పట్టునది ఐదు నిమిషములు.